ఇద్దరి క్యారేజీ

రేపు ఎవరు దొంగతనం చేస్తారో స్టేషన్‌లోని యంత్రం ఈరోజే చెప్పేస్తుంది. పేరు వచ్చినవాడి వెనకాలే ఒక కానిస్టేబుల్ తిరగాలి. తెనాలిలో పాత జేబుదొంగ గురవయ్య పేరు రోజూ వచ్చేది. అందుకని కానిస్టేబుల్ ఏసోబు సర్వీసంతా అతని వెనకే గడిచిపోయింది. మధ్యాహ్నం మార్కెట్ యార్డు అరుగు మీద ఇద్దరూ ఒకే క్యారేజీలో తినేవారు. దొంగతనం మాత్రం ఒక్కటీ జరగలేదు.

నిన్న ఏసోబు రిటైరయ్యాడు.

"రేపట్నుంచి నీ వెనక డ్రోను వస్తదిరా," అన్నాడు.

"అది అన్నం తిన్నావా అని అడుగుద్దా అయ్యా?" అన్నాడు గురవయ్య.

ఈ మధ్యాహ్నం స్టేషన్‌లో సైరన్ మోగింది. గురవయ్య ఏసోబు ఇంట్లో దూరాడని డ్రోను కబురు పంపింది. కొత్త ఎస్సై లాఠీ పట్టుకుని పరుగున వచ్చి తలుపు తోశాడు.

లోపల ఏసోబు పక్కనే పీట మీద గురవయ్య కూర్చుని ఉన్నాడు. లాఠీని చూడగానే చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"నువ్వు తినయ్యా," అంది ఏసోబు భార్య కరుణమ్మ, అతని కంచంలో ఇంకాస్త గోంగూర పచ్చడి వేస్తూ. తర్వాత ఎస్సై వైపు తిరిగింది.

"ఇన్నేళ్లూ క్యారేజీలో ఇద్దరికి కట్టాను బాబూ. ఇయ్యాళ తగ్గించి వండటానికి చేతులు రాలా. నేనే రమ్మని కబురెట్టా."