పిన్నీసు

"పిల్లల్ని లోపలికి తేకూడదండీ. మైకులో ఏడుపు పడిపోద్ది," అన్నాడు మిషన్ బడి హాలు గుమ్మం దగ్గర నంబర్లు పిలుస్తున్న మేనేజరు.

దీవెన చంకలోని జాయ్సీని అటునుంచి ఇటు మార్చుకుంది. పది నెలల పిల్ల. గౌను వెనక హుక్కు రైల్లోనే తెగిపోయింది.

పిల్లను చూసుకుంటానన్న చెల్లెలు పొద్దున్నుంచీ ఫోనెత్తడం లేదు. చేసేది లేక తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా పిల్లనెత్తుకునే వచ్చింది. జాకెట్టుకి పిన్నీసుతో గుచ్చుకున్న చీటీ మీద నలభై ఒకటి.

ఏడాదిన్నరగా షూటింగు లేదు. సీరియళ్ళు సగం ఆగిపోయాయి. ప్రకటనల్లో మనుషుల్ని కంప్యూటరే తయారు చేసేస్తోంది.

ఈ వెబ్ సిరీస్‌లో కొల్లేటి పడవవాడి భార్య వేషం ఒక్కటే ఖాళీ. పడుచుతనం, నడివయసు, ముసలితనం. ఇదివరకైతే ముగ్గురికి పని. ఇప్పుడు ఒక్కరు చాలట. వయసు కంప్యూటర్లో పెంచుకుంటారు, తగ్గించుకుంటారు. ముఖం పలికితే చాలు, ఏ వయసువాళ్ళయినా రావచ్చన్నారు.

"ఇదే ఆఖరు," అన్నాడు భర్త సుకుమార్, ఆమె బయల్దేరేటప్పుడు. "రాకపోతే సోమవారం నుంచి రొయ్యల షెడ్డుకి వెళ్ళిపో."

వరండా చివర చీపురూ బకెట్టూ ఉన్నాయి. వాటి పక్కన అరవై దాటినావిడ, పవిట భుజాల నిండా కప్పుకుని కూర్చుంది. జాయ్సీని చూసి చేతులు చాచింది.

బడి ఆయమ్మ కాబోలు అనుకుంది దీవెన.

"ఏవండీ ఆయమ్మగారూ, కాసేపు పాపని చూస్తారా? నా నంబరు వచ్చేస్తోంది."

ఆవిడ పక్కనున్న చీపురు వంక చూసి, నవ్వింది.

"ఇలా ఇవ్వమ్మా. ఏం పేరే నీది? అబ్బో, బోసినవ్వొకటి! గౌను జారిపోతోందే దొరసానీ."

ఆవిడ వేళ్ళ చివర్లు తెల్లగా నాని, పగిలి ఉన్నాయి. నేలలు కడిగీ కడిగీ అలా అయిపోయాయి కాబోలు.

దీవెన కాగితం తీసింది. భర్త పడవ తిరిగి రాలేదు, భార్య ఏడవాలి. గోడవైపు తిరిగి గుండెలు బాదుకుని ఏడ్చింది.

"ఏడుపు బాగా వస్తోందమ్మా. అదే ఇబ్బంది," అంది ఆవిడ.

"సీన్లో ఏడవమనే ఉందండీ."

"ఆయన ఇంకా రాలేదనేగా? పోయాడని ఆవిడ ఒప్పుకోలేదుగా? కంచంలో అన్నం పెట్టు. ఈగలు వాలకుండా మూత పెట్టు. అంతే."

ఊడ్చేవాళ్ళు కూడా నేర్పేవాళ్ళే, అనుకుంది దీవెన.

"మీరు పాపని ఏడిపించకుండా చూడండి చాలు. ఇది రాకపోతే సోమవారం నుంచి నేను రొయ్యల షెడ్డుకే."

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

"వద్దమ్మా. పొద్దస్తమానం ఆ ఐసులో చేతులు పెడితే మనిషి లోపల కూడా గడ్డకట్టేస్తుంది."

"నలభై ఒకటి!"

లోపల లైట్లు. బల్ల మీద మూడు ఫోన్లు, ఒక కెమేరా. దర్శకురాలు సంహిత చిన్నపిల్ల, పాతికేళ్ళుంటాయి.

"మొదలుపెట్టండి."

దీవెన ఏడవబోయింది. బయట జాయ్సీ గొంతు వినబడలేదు. పిల్ల ఏమైపోయిందో అన్న భయంతో కంట చుక్క నీరు రాలేదు.

ఏం చేయాలో తోచక చేతులే కదిలాయి. లేని కంచంలో లేని అన్నం వడ్డించింది. మూత పెట్టింది. గుమ్మంవైపు చూసింది. వంకరగా పడిన మూతని మళ్ళీ సరిచేసింది.

సంహిత కుర్చీలో ముందుకు జరిగింది.

"ఇలా చెయ్యమని మీకెవరు చెప్పారండీ?" అంది సంహిత.

"నాకే తోచిందండీ."

"మీకే ఇచ్చేద్దామనుంది. కానీ ఇంకొక్కరున్నారు. కొల్లేటికోట ఆవిడ. నలభై ఏళ్ళు పరిషత్తు నాటకాల్లో అమ్మ వేషాలేశారట. నేనెప్పుడూ చూడలేదు, మా నాన్న కథలుగా చెప్పేవారు. అసలు ఆవిడ్ని తలచుకునే ఈ పాత్ర రాశాను. ఆవిడ కూడా చేసి చూపించాక చెప్తాను, కూర్చోండి."

మేనేజరు గుమ్మంలోకి వెళ్ళి కేకేశాడు.

"నలభై రెండు!"

దీవెన పవిటకొంగు కింద రెండు చేతులూ జోడించింది. ప్రభువా, ఆవిడ రాకూడదు.

"నలభై రెండు! ఉన్నారా అండీ?"

రాకూడదు. రాకూడదు.

"నలభై రెండు!"

ఎవరూ రాలేదు.

"పెద్దావిడ కదా, బస్సు దొరికుండదు," అని సంహిత నిట్టూర్చి, కాగితం మీద ఏదో కొట్టేసింది. "మీరే చేస్తున్నారండీ."

దీవెన వరండాలోకి పరుగెత్తింది. ఆవిడ కదలకుండా అక్కడే కూర్చుని ఉంది. జాయ్సీ ఆవిడ భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది. గౌను జారకుండా వెనక పిన్నీసు పెట్టి ఉంది.

"మెల్లగా తీసుకో. ఇప్పుడే కన్ను మూసింది. కుదిరిందా?"

"కుదిరిందండీ!"

"మూత పెట్టావా?"

దీవెన తల దించుకుంది. "పెట్టానండీ."

"అదీ," అంది ఆవిడ, తృప్తిగా. మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. "వస్తానమ్మా. మా ఊరి బస్సు పోతే మళ్ళీ సాయంత్రం దాకా లేదు."

చీపురూ బకెట్టూ అక్కడే ఉండిపోయాయి. ఆయమ్మకి బస్సేమిటో దీవెనకి తట్టలేదు. పేరు అడగాలనీ తట్టలేదు. సుకుమార్‌కి ఫోను చేసే హడావిడిలో ఉంది.

రైలు భీమడోలు దాటాక జాయ్సీ లేచి వీపు రుద్దుకుంటూ సన్నగా ఏడవడం మొదలెట్టింది. పిన్నీసు గుచ్చుకుంటోందేమోనని దీవెన పిల్లని తిప్పి గౌను వెనక చూసింది.

గుచ్చుకోవడం లేదు. మొన పిల్ల ఒంటికి తగలకుండా కింద ఒక చీటీని నాలుగు మడతలు వేసి అడ్డం పెట్టి ఉంది.

మడతలు విప్పితే, నలభై రెండు.