గడియ వేసిన తలుపు

"ఉక్కపోస్తోంది నాగరత్నం, ఆ వీధితలుపు తియ్యమ్మా," అన్నారు పెదనాన్న, ముద్ద కలుపుతూ ఆగి.

నాన్న తద్దినానికి ఏటా అమ్మే వెళ్లి ఆయన్ని పిలుస్తుంది. నాన్న ఫొటోకి ఎదురుగా ఆకు వేయించి, తలుపు గడియ వేసి మరీ వడ్డిస్తుంది. ఎందుకో ఇవాళ్టిదాకా నాకు తెలియదు.

"తొంభై ఆరు తుఫాను రాత్రి మీ తమ్ముడూ అదే అడిగేరండి బావగారూ. పిల్లనెత్తుకుని మీ డాబా గుమ్మంలో నిలబడి."

"ఆ హోరులో వినపడలేదమ్మా."

"వినపడే కదండీ లోపల లాంతరు ఆర్పేసేరు! మేం వెనక్కొస్తుంటే ఆయన మీద కొబ్బరిచెట్టు పడింది."

పెదనాన్న చెయ్యి ఆకులోనే ఉండిపోయింది.

అమ్మ నెయ్యి వడ్డించింది. "తినండి. వచ్చే ఏడూ పిలుస్తానండి."

ఆ రాత్రి నాన్న ఎత్తుకున్న పిల్లను నేనే. లేచి వెళ్లి, గడియ సరిగ్గా పడిందో లేదో చూసి వచ్చాను.