ఎర్రబడిన కాలరు

స్నానం చేసి వచ్చిన విశాలి, కుర్చీ మీద వేసిన ఆఫీసు కోటు కాలరు ఎర్రబడి ఉండటం చూసి కొయ్యబారిపోయింది.

కొత్త ఉద్యోగులంతా ఆ కోటే వేసుకోవాలి. వేసుకున్న మనిషి గుండెను అది చదువుతుంది. గుండె బాగుంటే కాలరు నీలం, చెడితే ఎరుపు; విప్పేశాక కూడా ఆ రంగు అలాగే ఉంటుంది. ఎర్ర కాలరు వాళ్లను ఆఫీసు గేటు లోపలికి రానివ్వదు. పోయిన వారం పక్క సీటు సుధన్వ ఉద్యోగం అలాగే పోయింది.

విశాలి నాడి పట్టుకుని చూసుకుంది. "నాన్నా, నా గుండెకేదో అయింది."

టిఫిను డబ్బాతో గుమ్మంలో నిలబడ్డ సాంబమూర్తి తల దించుకున్నాడు.

"నీకేం కాలేదు తల్లీ. నువ్వు స్నానానికెళ్లగానే నేనే తొడుక్కున్నా, అద్దంలో ఒకసారి చూసుకుందామని. ఈమధ్య మెట్లెక్కితే గుండె పట్టేస్తోందని నీకు చెప్పలేదు. కోటుకి తెలిసిపోతుందనుకోలేదమ్మా."