తిరిగే సీసా

సీసాలో సుడి లేవగానే వెస్లీ గంతేశాడు. మరుక్షణం వంటింటి వైపు చూసి నాలిక్కరుచుకున్నాడు.

ఎన్ని తిప్పలు పడ్డాడో దీనికోసం. పాత కంప్యూటర్లోంచి ఫ్యాను ఊడదీశాడు. పాడైన హార్డ్ డిస్కులోంచి అయస్కాంతం పెకలించి ఫ్యాను నడుమ అతికించాడు. ప్లాస్టిక్ స్వీటు డబ్బా బోర్లించి దాని కింద ఆ ఫ్యాను బిగించాడు. రీఫిల్ గొట్టంలో మేకుముక్క దూర్చి, రెండు చివర్లూ కరిగించి మూసి, సీసాలో పడేశాడు. సీసాని డబ్బా మీద పెట్టి స్విచ్ వేస్తే చాలు. కింద అయస్కాంతం తిరుగుతుంది. దాంతోపాటు సీసాలో మేకూ, మేకుతోపాటు తీపినీళ్లూ తిరుగుతాయి.

తాడేపల్లిగూడెంలో కంప్యూటర్లు బాగుచేసుకునేవాడికి ఇదేమంత గొప్ప పని కాదు. ఎందుకు చేశాడన్నదే ఇంట్లో చెప్పుకోలేని సంగతి.

వైను కోసం. ఎలా చెయ్యాలో నెట్ సెంటర్లో కూర్చుని చదివాడు. బెంగుళూరు నుంచి స్నేహితుడు తెచ్చిచ్చిన ఈస్టు చిటికెడే. దాన్ని ముందు తీపినీళ్లలో వేసి ఆగకుండా తిప్పుతూ ఉంటే బలం పుంజుకుంటుందట. తర్వాత ద్రాక్షరసంలో పోస్తే ఈస్టర్ నాటికి వైను తయారు.

"ఏంటి నాన్నా అది, అలా గిర్రున తిరుగుతుంది?"

గుమ్మంలో తల్లి రత్నం. వెస్లీ నోటికొచ్చింది చెప్పేశాడు.

"చెరువుల్లో పోసే మందమ్మా. ఉండి ఊళ్లో మా ఫ్రెండుకి రొయ్యల చెరువుంది కదా, దానికి. ఆగకుండా తిరుగుతుండాలి."

రత్నం వంగి సీసా మూతి దగ్గర ముక్కు పెట్టింది. ఇంకోసారి పీల్చింది.

"ఇందులో ఇంకేం కలుపుతావు?"

"ఏం కలపనమ్మా."

"నిజంగా?"

"నీమీద ఒట్టు."

తల్లి మీద ఒట్టు పెట్టాక వెస్లీకి ఆ పూట అన్నం సయించలేదు.

ఆ ఇంట్లో తాగుడు మాట ఎత్తడానికే లేదు. వెస్లీకి ఇంకా మాటలు సరిగా రాని వయసులో తండ్రి ఏలీయా కొల్లేటి లంకలో కల్తీ సారా తాగి చచ్చిపోయాడు. రత్నం బిడ్డను చంకనేసుకుని లంక వదిలి భీమడోలు వచ్చేసింది. మిషను హాస్టల్లో వంట చేసి పెంచింది. "ఆ సారా ఎవరు కాచారమ్మా?" అని చిన్నప్పుడు అడిగేవాడు. "దేవుడికి తెలుసులే" అని పొయ్యి వైపు తిరిగేది.

బాప్తిస్మం నాడు తల్లి చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు, చుక్క ముట్టనని. ఆ సారా కాచినవాళ్లు కనబడితే పీక పిసికేస్తానని కూడా అన్నాడు. రత్నం గబుక్కున అతని నోరు మూసింది.

ఇప్పుడు కాచే పనికి తనే దిగాడు. తలుచుకుంటే వెస్లీకి సిగ్గేసింది. అయినా సీసా మాత్రం ఆపలేదు, మోజు అలాంటిది మరి.

మర్నాడు షాపులో ఉండగా కరెంటు పోయింది. గూడెంలో పోయిందంటే భీమడోలులోనూ పోయే ఉంటుంది. షట్టరు దించేసి, దొరికిన పాసింజరెక్కి, దిగి ఇంటికి పరుగెత్తాడు.

రత్నం అరుగు మీద కూర్చుని, సీసా ఒళ్లో పెట్టుకుని రెండు చేతుల్తో గుండ్రంగా తిప్పుతోంది. నుదురంతా చెమట.

"కరెంటు పోయిందిరా. ఆగకూడదన్నావుగా."

"నువ్వు తిప్పడమేంటమ్మా!"

"మరి పాడైపోదూ?"

వెస్లీకి ఏడుపొచ్చినంత పనైంది. తాగుడికి మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి చేత ఇలాంటి పని చేయిస్తున్నాడు. ఇంతకంటే పాపం ఉంటుందా?

అక్కడితో అయిందా? ఈస్టు జాడీలోని ద్రాక్షరసంలోకి మారాక ఆ జాడీని కూడా ఆవిడే కనిపెట్టుకుంది. వేణ్ణీళ్లతో కడగని గరిటెని దాని దరిదాపులకి రానివ్వలేదు. మూతికి ఉతికిన గుడ్డ కట్టింది. రొయ్యలకి ద్రాక్షపళ్లేంట్రా అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే చెప్పడానికని వెస్లీ ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాడు గానీ, దానికి పనే పడలేదు.

"ప్రభువా, నా బిడ్డ చేసేది ఎవరికీ హాని చెయ్యకుండా చూడు తండ్రీ" అని కుటుంబ ప్రార్థనలో రత్నం వేడుకుంది. ఆమెన్ అనలేక వెస్లీ దగ్గాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇక వల్ల కాలేదు. జాడీ ఎత్తుకుని పెరట్లోకి నడిచి తల్లిని పిలిచాడు.

"అమ్మా, ఇది చెరువు మందు కాదు. వైను. నీకిచ్చిన మాట తప్పాను. కొట్టు, తిట్టు, నీ ఇష్టం. ఇదిగో, పారబోసేస్తున్నా."

రత్నం కొట్టలేదు. నూతి గట్టు మీద కూలబడింది.

"తెలుసు నాన్నా. మొదటిరోజే వాసన పట్టాను."

పారబోయబోతున్న వెస్లీ ఆగిపోయాడు. జాడీ కింద పెట్టి తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"తెలిసి కూడా తిట్టలేదేంటమ్మా? పైగా కూర్చుని తిప్పావు!"

"నిన్ను తిట్టడానికి నాకు నోరేదిరా? చాటుగా చేసేవాడు చాటుగానే తాగుతాడు. పాడైంది తాగితే నువ్వేమైపోతావోనని కాపలా కాశాను."

"ఇది తాగితే ఏమీ కాదమ్మా. ఆ లంకలో కల్తీ సారా కాచి మనల్ని ఇలా చేసిన పాపిష్టివాళ్ల సరుకనుకున్నావా?"

రత్నం తలెత్తలేదు.

"మీ నాన్న ఆఖరిసారి తాగింది నేను కాచిన సారాయే, వెస్లీ."