వెనక గొంతు

కారు తలుపు లోపలి అట్ట ఊడదీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలాయన్ని చూడగానే పళ్ల డాక్టరుకు ఒళ్లు మండింది.

పదకొండింటికల్లా అయిపోతుందన్నారు. పన్నెండున్నర దాటింది. అవతల క్లినిక్‌లో పేషెంట్లు దవడలు పట్టుకుని కూర్చున్నారు.

కారు ఆమె తండ్రిది. ఇరవై ఎనిమిదేళ్ల బండి. ఆయన చనిపోయిన ఏడాదే అందులోని పాత పాటల సెట్టు కూడా మూగబోయింది. అప్పట్నుంచి తల్లి ఆ కారెక్కడం మానేసింది. ఆస్పత్రికి కూడా బస్సులోనే వెళ్తోంది. ఆ నిశ్శబ్దంలో కూర్చుంటే ఊపిరాడదట.

అందుకే కొత్త సెట్టు, నాలుగు తలుపులకూ కొత్త స్పీకర్లు.

తల్లి ఒక్కటే షరతు పెట్టింది. నాన్న క్యాసెట్లు అందులో ఆడాలి. ఇప్పుడొచ్చే సెట్లలో క్యాసెట్టు దూర్చే చోటే ఉండదు. కార్లకు సెట్లు బిగించే ఈ షాపు యజమాని పది చోట్ల వాకబు చేసి, ఏదో గోడౌన్‌లో మిగిలిపోయిన ఒక సెట్టు పట్టుకొచ్చాడు.

బిగించడం పొద్దున్నే అయిపోయింది. పనివాళ్లు కారులో ఉన్న క్యాసెట్టు ఒకటి పెట్టి చూశారు. ఆ పాట వినగానే ముసలాయన స్టూలు మీంచి లేచి వచ్చి, అన్నీ మళ్లీ విప్పడం మొదలెట్టాడట.

షాపులో ఆయన్ని అందరూ 'ఇంకొంచెం గారు' అంటారు. ఏ బండి చూసినా ఇంకొంచెం బాగుపడాలంటాడు. ఆయనకు జీతం లేదు, రమ్మని పిలిచినవాళ్లూ లేరు. అయినా షాపు తెరిచేసరికి గుమ్మంలో ఉంటాడు.

"బాగానే వినిపిస్తోందన్నారు కదా, మళ్లీ ఎందుకు విప్పారు?"

ఆయన కుడి చెవి ఆమె వైపు తిప్పాడు. ఆమె ఇంకోసారి అడగాల్సి వచ్చింది.

"రేకు అదురుతోందమ్మా. ఆ అదురులో సన్నటివన్నీ కలిసిపోతాయి. ఈ పాటలో సన్నటిది ఒకటుంది."

తలుపు రేకుకు లోపల నల్లటి మెత్తని పట్టీ అంటించాడు. ఎడమ స్పీకరు తీగలు తారుమారయ్యాయని కనిపెట్టి, ఊడదీసి, సరిగ్గా కలిపాడు. ఆయన చేతులు వణుకుతూనే ఉన్నాయి, తీగ పట్టుకున్నప్పుడు తప్ప.

అట్ట బిగించాక క్యాసెట్టు బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, ఇదెక్కడిదని అడిగాడు. నాన్నదని చెప్పిందామె. తను ఏళ్ల తరబడి వెతికాననీ, ఎక్కడా దొరకలేదనీ అన్నాడు.

"వెనక సీట్లో కూర్చుని మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారి వింటానమ్మా. నాలుగు నిమిషాలు."

"ఇప్పటికే గంటన్నర పోయిందండీ. ఇంకోసారి వచ్చినప్పుడు వినండి."

ఆయన చేతిలోంచి క్యాసెట్టు తీసుకుంది. ఆయన తలుపు మీద పడిన తన వేలిముద్రల్ని చొక్కా అంచుతో తుడిచి, పక్కకు తప్పుకున్నాడు.

ఆదివారం నాడు తల్లిని బతిమాలి కారెక్కించింది.

వీధి చివరికి రాగానే పాట మొదలైంది. తల్లి కిటికీలోంచి చూస్తూ, ఒళ్లో వేళ్లతో తాళం వేస్తోంది. రెండో చరణంలో ఆ వేళ్లు ఆగిపోయాయి. కారు పక్కకు ఆపమంది. క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టమంది.

పాడుతున్నావిడ గొంతు కింద, దూరంగా, ఇంకో ఆడగొంతు సన్నగా రాగం తీస్తోంది.

"ఇందులో ఇంకో అమ్మాయి ఉందని మీ నాన్న చెప్తూనే ఉండేవారే. మీ ఒక్కరికే వినపడే ఆ అమ్మాయి ఎవరండీ అని నేను ఏడిపించేదాన్ని. పాపం, నిజంగానే ఉంది."

తల్లి నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఇల్లు చేరేలోపు ఆ పాట ఆరుసార్లు విన్నారు. ఆరుసార్లూ డాక్టరు కళ్లముందు ముసలాయన ఖాళీ చెయ్యి కదిలింది.

మర్నాడే వెళ్దామనుకుంది. క్లినిక్ పనుల్లో మూడు వారాలు గడిచిపోయాయి. ఆ తర్వాత తల్లిని వెంటబెట్టుకుని వెళ్లింది.

ముసలాయన స్టూలు మీదే ఉన్నాడు. ఆ రోజు తొందరపడ్డానని చెప్పింది. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వినండని చెప్పింది. ఆయన ఆమె పెదవుల వైపే చూసి, మర్యాదగా నవ్వాడు.

షాపు యజమాని ఆమెను పక్కకు పిలిచాడు. ముసలాయనకు ఎడమ చెవి ఎప్పుడో పోయిందట. కుడిది కూడా ఎక్కువ రోజులు పనిచెయ్యదని డాక్టర్లు ముందే చెప్పారట. పది రోజుల నుంచి అదీ వినపడటం లేదు.

ఆమె క్యాసెట్టు తీసి తల్లి చేతిలో పెట్టింది.

తల్లే ఆయన్ని చెయ్యిపట్టుకుని తీసుకెళ్లి, వెనక సీట్లో కూర్చోబెట్టి, పాట పెట్టింది.

ఆయన తలుపు స్పీకరు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. రెండో చరణంలో ఆ సన్నటి గొంతు అందుకునే క్షణానికి, సరిగ్గా, ఆయన చూపుడువేలు పైకి లేచింది.

"ఆయనకెలా తెలిసింది?" అని అడిగింది డాక్టరు.

యజమాని కారు వైపే చూస్తూ మెల్లగా చెప్పాడు.

"ఆ పాట రికార్డు చేసింది ఆయనేనమ్మా. వెనక గొంతు తన గొంతును మింగేస్తోందని పెద్ద గాయని పట్టుబడితే, దాన్ని వినపడీ వినపడనట్టు తగ్గించిందీ ఆయన చెయ్యే. ఆ వెనక పాడినావిడ ఆ తర్వాత ఇంకెక్కడా పాడలేదు. ఆవిడ ఆయన భార్య."