మిగిలిన రెండు కిలోమీటర్లు

"హాస్పిటల్‌కి పోయేదానికి షూ ఎందుకే? చెప్పులేసుకో చాలు," అన్నాడు నాగేశ్వర్లు.

హైమ తలెత్తకుండా లేసు ముడేసింది. "ఒక్క అరగంట నాయనా. ఇట్ల పోయి అట్ల వచ్చేస్తా."

"అరగంటా! కారొచ్చి వాకిట్లో నిలబడింది. ఈరోజు సోమవారం, ఏడున్నరకు రాహుకాలం. ఈలోపల ఊరు దాటాల. పదకొండుకల్లా గుంటూర్లో ఉండమన్నాడు డాక్టరు. ఇప్పుడేం పని నీకు?"

"పరుగెత్తాల."

"నిన్న పరుగెత్తింది చాల్లేదా?"

చాల్లేదు. అదే గొడవ.

నిన్న మార్కాపురంలో క్యాన్సర్ రన్. ఐదు కిలోమీటర్లు. దానికోసమే హైమ బెంగళూరు నించి బస్సెక్కి వచ్చింది. టీషర్టు వెనక 'మా అమ్మ సుబ్బరత్నమ్మ కోసం' అని అచ్చేయించుకుంది. మూడు కిలోమీటర్లు బాగానే పరుగెత్తింది. సరిగ్గా పలకల ఫ్యాక్టరీల కాడికి వచ్చేసరికి మేనేజర్ ఫోన్. సర్వర్ పడిపోయిందంట. ఆదివారం పడిపోయేదానికి దానికేం మాయరోగమో. పరుగెత్తుతా మాట్లాడితే అవతలాయనకు రొప్పుడు తప్ప ఏం వినపడలేదు. హైమ ఆటో ఎక్కింది. మాట్లాడి మాట్లాడి సర్వర్ లేచేసరికి రన్ ముగిసే కాలేజీ గ్రౌండ్ కూడా వచ్చేసింది. గేటుకు ముందు మలుపులో దిగి, మిగిలిన ఆ కాస్తా చేతులూపుకుంటా పరుగెత్తింది. మెడల్ వేసినారు. ఫొటో పెట్టింది. నూట నలభై లైకులు.

ఇది ఉత్త రన్ అయ్యుంటే హైమ మర్చిపోయేది కూడా. కానీ అమ్మ దాన్ని రన్‌గా ఉండనియ్యలేదు.

రొమ్ములో గడ్డ క్యాన్సరేనని తేలినాక కూడా సుబ్బరత్నమ్మ మూడు వారాల నించి ఆపరేషన్ మాటెత్తితే చాలు, "చూద్దాంలే" అంటా వచ్చింది. హైమ ఫోన్లో "నీకు నయం కావాలని నేను పరుగెత్తుతాన్నానమ్మా" అంటే మాత్రం ఠక్కున పట్టుకుంది. "అయితే చెన్నకేశవస్వామికి మొక్కుకున్నట్టే. స్వామికి చెప్పేసినా. అయిదూ పరుగెత్తి మొక్కు తీర్చు. అది తీరినాకనే నేను ఆపరేషన్‌కి పోయేది."

ఛారిటీ రన్ అంటే మొక్కు కాదమ్మా అని చెప్పబోయి హైమ ఊరుకుంది. ఎట్లనో ఒకట్ల ఒప్పుకుంది గదా అనుకుంది.

ఇప్పుడా మెడల్ స్వామి పటానికి వేలాడతాంది. బొట్టు కూడా పెట్టించుకుంది.

"నిన్న దుకాణానికి వచ్చినోళ్లందరికీ చెప్పినా," అన్నాడు నాగేశ్వర్లు. "మా పిల్ల ఎక్కడా ఆగకుండా పరుగెత్తిందని. పక్కింటి సౌభాగ్యమ్మయితే దిష్టి తీయమనింది."

"ఆగినా నాయనా."

"ఏంది?"

"ఆగినా. రెండు కిలోమీటర్లు ఆటోలో పోయినా. ఆఫీసు ఫోన్ వచ్చింది."

నాగేశ్వర్లు లోపలికొకసారి తొంగి చూసి గొంతు తగ్గించినాడు. "మీ అమ్మకు చెప్పినావా?"

"లేదు."

"చెప్పొద్దు. చెప్పితే ఇక కారెక్కదు. మళ్లీ మొక్కంటది, మళ్లీ మూడు వారాలంటది. అన్ని రోజులు ఆగే రోగమా అది? నోరు మూసుకోని పద."

"చెప్పకుండా తీసకపోయి, ఆపరేషన్ థియేటర్లో ఏమన్నా అయితే?"

"బీటెక్ చదివినావు గదే! ఇట్లాంటివి నమ్మవు గదా నువ్వు?"

"నమ్మను."

"మరి?"

"నమ్మను గానీ, రాత్రంతా నిద్ర పట్టలేదు నాయనా."

నాగేశ్వర్లు గడియారం చూసినాడు. కారు చూసినాడు. కూతురి షూ చూసినాడు. జేబులోంచి బండి తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టినాడు.

"పలకల ఫ్యాక్టరీల దాకా బండి మీద పో. ఆడ్నించి గ్రౌండ్ దాకా పరుగెత్తు. మీ అమ్మను ఏదో ఒకటి చెప్పి ఆపుతా. ఈసారి ఆ ఫోన్ ఇంట్లో పెట్టి పో."

"ఎవుర్ని ఆపేది?"

సుబ్బరత్నమ్మ గడప దాటి వచ్చింది. జడేసుకుని, చేతిలో రిపోర్టుల సంచి పట్టుకుని తయారుగా ఉంది. తాళాలొకసారి, షూ ఒకసారి చూసింది.

నాగేశ్వర్లు కళ్లతోనే వద్దన్నాడు. హైమ నోరు ఆగలేదు.

"అమ్మా, నేను అయిదూ పరుగెత్తలేదు. మూడే. మిగిలిన రెండూ ఆటోలో పోయినా. మెడల్ అబద్ధం. ఇప్పుడే పోయి ఆ రెండూ పూర్తి చేసొస్తా. నీ కాళ్లు పట్టుకుంటా, ఆపరేషన్‌కి రానని మాత్రం అనొద్దు."

"అయిపోయింది," అని నాగేశ్వర్లు అరుగు మీద కూలబడినాడు.

సుబ్బరత్నమ్మ చెప్పులేసుకుంది. మెట్లు దిగింది. కారు తలుపు తానే తీసుకోని ఎక్కింది. సంచి ఒళ్లో పెట్టుకుంది.

"ఎక్కండి ఇద్దరూ. రాహుకాలం వస్తాది."

హైమ కదల్లేదు. "మరి మొక్కు?"

"తీరింది."

"ఎట్ల తీరిందమ్మా? ఇంకా రెండు కిలోమీటర్లు..."

"నిన్న నన్ను ఇంట్లో పడుకోమని పోయినారు గానీ, నువ్వు పరుగెత్తేది చూడాలని నీ వెనకే ఆటోలో వచ్చినా," అంది సుబ్బరత్నమ్మ, కూతురు కూచునేదానికి సీట్లో పక్కకు జరుగుతా. "నువ్వు ఆటో ఎక్కిన కాడ నేను దిగి ఆ రెండూ నడిచినా."