ప్రాణమున్న బంతి

"ఆ బంతి మీద కత్తి పెట్టావంటే ఊరుకోను!" మంచం మీంచే అరిచారు మామగారు.

జీవితమంతా టెన్నిస్ నేర్పించి రిటైరైన మనిషి. మోకాలి ఆపరేషన్ అయ్యాక మంచం దిగనని భీష్మించుకున్నారు. వాకర్ పట్టుకోవడం ముసలివాళ్ల పనట.

"వాకర్ కాళ్లకి బంతులు తొడిగితే నేలమీద కిర్రుమనదు మామయ్యా," అంది కోడలు, గుమ్మం దగ్గర పాత బంతుల బకెట్ ముందేసుకుని.

"అందుకని ప్రాణమున్నదాన్ని కోస్తావా? ఎగరడం మానేసి చచ్చినవి చూసి కొయ్యి!"

"నాకేం తెలుస్తుంది? అన్నీ ఒకేలా ఉన్నాయి." కత్తి ఆనించింది.

"ఆగాగు!" వాకర్ అందుకున్నారు. మూలుగుతూ, కోడల్ని తిట్టుకుంటూ గదంతా దాటి వచ్చారు. ఒక్కో బంతినీ నేలకి కొట్టి, చెవి రిక్కించారు. "ఇది బతికుంది. ఇదీ బతికుంది. ఇది... పోయింది పాపం."

పోయినవి రెండు తేల్చి ఆమె ఒళ్లో పడేశాక వెనక్కి చూశారు. మంచం ఎక్కడో ఉంది.

"ఈ బకెట్ నా మంచం కింద కదా ఉండేది?"

కోడలు తలొంచుకుని బంతి కోస్తోంది.

"వెనకున్నవాడికి అందకుండా నెట్ దగ్గర బంతి వేసినట్టు నన్ను పరిగెత్తించావన్నమాట! ఈ కిటుకు ఎవరు చెప్పారు?"

"అత్తయ్య."

"ఆవిడ మీద నేనెప్పుడు గెలిచాను గనక!"

గొణుక్కుంటూ వాకర్‌ని మంచం వైపు తిప్పారు. రెండడుగులేసి ఆగారు.

"రేపు బకెట్ వరండాలో పెట్టు. కత్తి మర్చిపోకు."